సౌండు యేసుదానం

యేసుదానానికి ఈ లోకంలో ఏ మోతా చాలదు. టీ బడ్డీలో రేడియో పాడుతుంటే ఇంకొంచెం పెంచమంటాడు. పెళ్ళి ఊరేగింపు ఎదురైతే ఆగి, డోలు వాయించేవాణ్ణి "అన్నం తినలేదేటి?" అని పరామర్శిస్తాడు. ఒక క్రిస్మస్ నాడు చర్చిలో పాస్టరుగారు కళ్ళు మూసుకుని మెల్లగా ప్రార్థన చేస్తుంటే వెనక బెంచీలోంచి, "అయ్యగారూ, మైకు పెంచండి. దేవుడికి ఇనబడతందేమో గానీ మాకు ఇనబడతం నేదు" అన్నాడు. పాస్టరుగారు ఆమెన్ మాత్రం కిటికీలు అదిరేలా చెప్పారు.

ఆ బెంచీలోనే, పక్కన, సిగ్గుతో తల దించుకుని కూర్చున్నవాడు దొరబాబు. ఇద్దరూ ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పని. యేసుదానం ఇనప రేకుల మీద సుద్దతో గీతలు గీస్తాడు, ఆ గీతల వెంట దొరబాబు సుత్తితో బాది వంచుతాడు. అలా బాదీ బాదీ దొరబాబు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. ఈ సంగతి అతను పెళ్ళాం అప్పలమ్మకి కూడా చెప్పలేదు. అతని తండ్రికీ ఇలాగే చెవులు పోతే, పేరు జగ్గారావు కాస్తా సెవిటి జగ్గారావు అయింది. పోస్టుమాన్ కూడా ఆ పేరుతోనే పిలిచేవాడు. ఆ పేరు తనకి వారసత్వంగా రాకూడదని దొరబాబు పంతం. అందుకే ఎవరేమన్నా నవ్వి తల ఊపేవాడు. ఒకసారి షెడ్డు యజమాని శ్రీరామ్మూర్తిగారు తన మామగారు పోయారని చెబితే కూడా నవ్వి తల ఊపాడు.

అలాంటివాడికి ఎక్కడికెళ్ళినా సౌండు పెంచమని దెబ్బలాడే స్నేహితుడు దొరకడం మామూలు అదృష్టం కాదు. దొరబాబు మనసులోనే సింహాచలం అప్పన్నకి దండం పెట్టుకునేవాడు.

తొంభైల చివర్లో ఒక ఇంగ్లీషు గూఢచారి సినిమా వచ్చింది. ఆ వరుసలో అది నాలుగోది. మొదటి మూడింటిలోనూ హీరో కనబడగానే మోగే బాకా వరసని విశాఖపట్నమంతా ఈల వేసింది. ఈ నాలుగోదానికి సంగీతం ఎవరో కొత్తాయన. ఆయన బాకా తీసేసి పెద్ద ఆర్కెస్ట్రా పెట్టాడు. జనం "మా బాకా ఏదిరా?" అని అరిచి, సగంలో లేచి పోయారు. యేసుదానం మాత్రం మర్నాడు షెడ్డుకి ఏదో మహత్తు చూసినవాడి మొహంతో వచ్చాడు.

"బావా, అందులో సినిమా నేదు. సంగీతం ఉంది. సాయంత్రం నువ్వొత్తన్నావు."

జగదాంబ జంక్షన్ దగ్గర హాలు. లోపల జనం కన్నా కుర్చీలే ఎక్కువ. యేసుదానం వాటన్నిటినీ వదిలేసి, కుడి గోడకి స్పీకరు తగిలించిన చోట, సరిగ్గా దాని కిందే దొరబాబుని కూర్చోబెట్టాడు.

"ఇక్కడేటి బావా, బొమ్మ వంకరగా కనబడతంది."

"బొమ్మ ఎవడికి కావాల? వయొలాలని, వయొలిన్‌కి అక్కల్లాంటియి, ఈ గోడ పక్కనుంచే ఒస్తాయి." ఆ పైన వెనక్కి తిరిగి, ఆపరేటర్ గది వైపు చూసి కేకేశాడు. "పోలిరాజు బావా, సౌండు పెంచు."

"పెంచితే గోడ సున్నం రాల్తాది."

"రాలితే నా నెత్తి మీదే కదా. పెంచు."

పోలిరాజు విసుక్కుంటూ పెంచాడు. తెర మీద హీరో గడ్డకట్టిన సరస్సు దాటుతున్నాడు. అవతలి గట్టున అతన్ని మోసం చేసిన స్నేహితుడు నిలబడి ఉన్నాడు. మాటల్లేవు. ముందు దొరబాబు కూర్చున్న చెక్క కుర్చీ సన్నగా వణికింది. అవి పెద్ద వయొలిన్లని యేసుదానం మోచేత్తో పొడిచి చెప్పాడు. తర్వాత ఎక్కడో దూరంగా ఒక్క కొమ్ముబూర. హార్బరులో ఓడ కూత వేస్తే యారాడ కొండ దాన్ని తిప్పి పంపుతుందే, అచ్చం అలా. ఆ కూత ఆగే లోపల వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. అంత సన్నటి చప్పుడు విని దొరబాబుకి ఎన్నేళ్ళయిందో. పోయిందనుకున్నది పోలేదు, ఎక్కడో ఉంది. సంగీతం పెరిగి పెరిగి హాలు పట్టనంతైంది. ఇంతమంది మనుషులు కలిసి ఇంత గొప్ప పని చేస్తే, దీన్నా వదిలేసి జనం బాకా కోసం ఏడ్చింది అనుకున్నాడు. సినిమా వెళ్ళిపోయే దాకా ఇద్దరూ రోజూ ఆ గోడ కిందే కూర్చున్నారు.

తర్వాత యేసుదానం పోర్టు దగ్గర ఫారిన్ సరుకు కొట్లో ఆ సినిమా సంగీతం క్యాసెట్ సంపాదించాడు. షెడ్డులో టీ వేళ టేప్ రికార్డరు పూర్తిగా పెంచి పెట్టేవాడు. కాకులు ఆటోనగర్ వదిలి వెళ్ళాయి. శ్రీరామ్మూర్తిగారు చెవులు మూసుకుని, "నీకు సెవుడేటయ్యా?" అని అరిచారు.

"కొంచెం ఉందండి" అన్నాడు యేసుదానం వినయంగా.

ఆ రోజునుంచి షెడ్డంతా అతన్ని సెవిటి యేసుదానం అంది. దొరబాబు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ పేరు తన పక్కనుంచే వెళ్ళిపోయింది.

ఒకసారి యేసుదానం జ్వరమొచ్చి పనికి రాలేదు. దొరబాబు చూడ్డానికి గోపాలపట్నం వెళ్ళాడు. యేసుదానం భార్య ఫెబా గరిటెతోనే వచ్చి తలుపు తీసింది. ముందు గదిలో టేప్ రికార్డరులో క్యాసెట్ తిరుగుతోంది గానీ దొరబాబుకి ఏమీ వినబడలేదు.

"పాడైపోనాదేటమ్మా?" అని కుడి చెవి ఆమె వైపు తిప్పాడు.

"నేదన్నయ్యా, ఒస్తంది కదా. ఆయన ఇంట్లో ఎప్పుడూ ఇంత సన్నంగానే పెడతారు. నాను పోపు ఎయ్యకూడదు. ఆ సప్పుడికి వయొలా ఇనబడదంట. పిల్లి నడిస్తే ఇసుక్కుంటారు. ఆయన సెవులు అలాంటియి."

దొరబాబు టేప్ రికార్డరు మీద అరచెయ్యి ఆనించాడు. పాస్టరుగారు, పెళ్ళి డోలు, కుడి గోడ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నిచోట్లా పక్కన తనే ఉన్నాడు. ఈలోగా లోపలి గదిలోంచి దుప్పటితో సహా పరిగెత్తుకొచ్చిన యేసుదానం టేప్ రికార్డరు మీద పడి సౌండు చివరికంటా తిప్పాడు. ఫెబా చేతిలో గరిటె జారిపోయింది.

"ఇదీ లెక్క. ఇలగుండాలి" అన్నాడు, దొంగనవ్వు నవ్వుతూ.

"బావా, నీకెప్పుడు తెలిసింది?"

"ఏటి?"

"నా సెవి."

"నీ సెవికేటయింది? నాకే సెవుడు. షెడ్డులో ఎవుడినైనా అడుగు."

ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు.

రెండువేలు దాటాక ఆ వరుసలో అయిదో సినిమా వచ్చింది. సంగీతం ఆ కొత్తాయనదే. అదే హాలు, అదే గోడ. ఈసారి హాలు నిండింది. పోర్టువాళ్ళు, షెడ్లవాళ్ళు, శ్రీరామ్మూర్తిగారు, దొరబాబు పక్కన అప్పలమ్మ. దీపాలు ఆరాయి. యేసుదానం నోరు తెరిచే లోపలే దొరబాబు లేచి నిలబడ్డాడు.

"పోలిరాజు బావా, సౌండు పెంచు. నాకు సెవుడు. ఇనబడతం నేదు."

హాలంతా వెనక్కి తిరిగింది. అప్పలమ్మ నోరు తెరుచుకుంది. మూడో వరసలోంచి ఓడల మరమ్మతు పనివాడెవరో, "అవును పెంచండి, మాకూ ఇనబడతం నేదు" అన్నాడు. ఇంకో మూలనుంచి ఇంకొకడు, ఆ వెనక ఇంకొకడు. చివరికి శ్రీరామ్మూర్తిగారు కూడా మొహమాటంగా చెయ్యెత్తారు. పోలిరాజు ఇంక సున్నం సంగతి ఎత్తలేదు.

"ఆ మాట నాది బావా" అన్నాడు యేసుదానం చిన్నబుచ్చుకుని.

పెద్ద వయొలిన్లు మొదలయ్యాయి. కుర్చీలన్నీ వణికాయి. దొరబాబు పక్కకి చూశాడు. యేసుదానం చొక్కా జేబులోంచి రెండు దూది ఉండలు తీసి, ఎన్నో ఏళ్ళ అలవాటు చేతిలో తెలుస్తుండగా, చెవుల్లో కుక్కుకుంటున్నాడు.