ఇరవై ఏడు అడుగులు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. కానుగలు పద్నాలుగు, వేపలు ఎనిమిది, నేరేళ్ళు నాలుగు. మొత్తం ఇరవై ఆరు చెట్లు, అన్నీ మూడేండ్లవి. వాటికి నీళ్ళు మోసే రెండు ప్లాస్టిక్ బిందెల్లో ఒకటి. చుట్టూ వేసిన ముళ్ళకంచె సుమారు నూట పది అడుగులు. సుమారు అని రాయడం నాకు ఇష్టం ఉండదు, కానీ కంచె ముక్కలై పడి ఉన్నందున సరిగ్గా కొలవలేకపోయాను. పంతొమ్మిది మంది ఉన్న మా క్లబ్బు కూడా పోయింది. అయితే అది ఒక్క రోజులో పోయింది కాదు.

ఇదంతా నేను రాసిన ఒక్క మాట వల్ల జరిగింది.

నేను హిందూపురం చింతపండు మండీలో కాటా రాసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాల అంగట్లో దొరికిన సర్వే పుస్తకంలోంచి, బస్తాల తూకంలోంచి నేర్చుకున్నదే. రెండు వేల రెండులో మా వీధిలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఇంటర్నెట్ సెంటర్లో చూసొచ్చి ఒక ఆట గురించి చెప్పాడు. ఒకరు ఎక్కడో ఒక డబ్బీ దాచి, ఆ చోటి అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చెప్పాలి. మిగతావాళ్ళు ఉపగ్రహాలను పట్టుకుని చోటు చూపించే చేతి మిషన్‌తో వెదకాలి. దొరికితే డబ్బీలో ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. అంతే. ఇందులో గెలుపు ఏముందని అడిగినవాళ్ళకు జవాబు లేదు. నాకు మాత్రం భూమ్మీద ఏ చోటుకైనా ఒక అంకె ఉంటుందన్న సంగతే చాలు. వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పంతొమ్మిది మందిమి చేరాం. ఊళ్ళో మమ్మల్ని ‘డబ్బీలోళ్ళు’ అనేవాళ్ళు. అందరికీ కలిపి మిషన్ ఒక్కటే. బ్యాంకాయన బావమరిది గాలిమరల సైటులో పనిచేసేవాడు. ఆదివారాలు దాన్ని అరువిచ్చేవాడు. ఆ మిషన్‌తో ఒక చిక్కు ఉండేది. చెట్ల కింద నిలబడితే ముప్పై అడుగులు అటూ ఇటూ చూపించేది. ఆ ముప్పై అడుగుల తప్పును పూడ్చే పని నాది. మిషన్ చూపిన చోటికి చేరినాక ఏ గుర్తు నుంచి ఏ దిక్కుకు ఎంత దూరమో టేపుతో కొలిచి ఒక వాక్యం రాసేవాణ్ణి. అది నా గొప్పగా ఉండేది.

ఏటా ఒకసారి వనభోజనం పెట్టుకునేవాళ్ళం. రెండు వేల నాలుగు ఫిబ్రవరిలో పెనుకొండ కొండ కింద ఉన్న పార్కులో అనుకున్నాం. పార్కంటే ఉయ్యాలలూ జారుడుబండలూ ఉండేది కాదు. పాత చింతతోపు, దాని తూర్పున కొత్తగా పెంచుతున్న చెట్లు, ఒక నీళ్ళతొట్టి, అంతే. కాపలాకు చెన్నేకొత్తపల్లి దగ్గరి పల్లె మనిషి ఒకాయన ఉండేవాడు. రోజుకూలీ. నాకంటే నాలుగైదేండ్లు పెద్ద. ముందు వారం పోయి అడిగితే తల గోక్కున్నాడు.

“ఆఫీసరు సారుకు చెప్పలేదప్పా నేను. మీ మాట మీద వదుల్తాండా. ఆకు గూడ తుంచగూడదు.”

“తుంచం. మేం పాతిపెట్టేవాళ్ళం కూడా కాదు. ఒక డబ్బీ రాయి కింద పెట్టి తీసుకుంటాం.”

“పెట్టి, తీసుకుంటారా? ఇంగ ఆట యాడుండాది?” అని నవ్వినాడు.

తోపులో ఒక వరసలో ఐదు చింతచెట్లు ఉన్నాయి. మూడోదాన్ని గుర్తుగా ఎంచుకున్నాను. ఎటునుంచి లెక్కపెట్టినా మూడోది మూడోదే అవుతుంది కాబట్టి. అక్కడినుంచి తూర్పుకు టేపు పట్టి, రాళ్ళకట్టలో ఒక చదును రాయి కింద స్టీలు డబ్బీ పెట్టాను. కాగితం మీద ఇట్లా రాశాను: ‘మూడో చింతచెట్టు మొదలు నుంచి తూర్పుకు ఇరవై ఏడు అడుగులు. రాయి కింద.’ బ్యాంకాయన దానికి పైన పెద్ద అక్షరాలతో ‘నిధి’ అని శీర్షిక పెట్టి పంతొమ్మిది కాపీలు జిరాక్సు తీయించాడు. పిలకాయల ఆటలాగా సరదాగా ఉంటుందన్నాడు.

ఆ ఆదివారం చిత్రాన్నం, ఉద్దివడలు, ఓళిగలు తెచ్చుకుని ప్యాసింజర్లో దిగాం. పదిన్నరకు వెదకడం మొదలైంది. పన్నెండైనా డబ్బీ దొరకలేదు. నేను చెట్టుకింద కూర్చుని చూస్తున్నాను. ఎందుకు దొరకదో నాకు అర్థం కాలేదు. ధర్మవరం నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మ చింతచెట్టు నుంచి గట్టిగా లెక్కపెడుతూ నడిచి, రాళ్ళకట్ట దాటి, కొత్త చెట్లలోకి పోయి నిలబడింది.

“ఇరవై ఏడు! ఈడేం లేదు.”

“మేడమ్, అంత దూరం యాడ పోయినారు? అడుగంటే పన్నెండు అంగుళాలు.”

“అడుగంటే అడుగేనప్పా. నడిచేది అడుగు గాక ఏంది?”

“నడిచేదయితే అంగలు అని రాసేవాణ్ణి గదా.”

“వామనుడే మూడడుగులతో సరిపెట్టుకున్యాడు. నువ్వు ఇరవై ఏడు పెట్టి, అవి అడుగులు గాదంటావే!”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంతలో కాపలాదారు కేకేశాడు. “అక్కా, ఆ చెట్లు తొక్కొద్దు! ఒక్కోదానికి మూడేండ్లు బిందెలతో నీళ్ళు మోసినా!”

సగం మంది నడిచే అడుగే అన్నారు, సగం మంది కొలిచే అడుగే అన్నారు. ఈ వాదం తేలేలోపు కోతులు ఓళిగల గిన్నె ఎత్తుకుపోయాయి. చివరికి నేనే పోయి టేపు పట్టి, రాయి ఎత్తి, డబ్బీ తీసి చూపించాను. దాన్ని సంచీలో వేసుకున్నాను. అంటే ఆ మధ్యాహ్నం తర్వాత ఆ పార్కులో మేం దాచింది ఏదీ లేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

పోయేటప్పుడు కాగితాలు వెనక్కు తీసుకున్నాను. పదిహేడు వచ్చాయి.

“రెండు తక్కువ ఉన్నాయి” అన్నాను.

“వదిలేయప్పా. వడలు చుట్టి పారేసింటారు. రెండు కాగితాలకు ట్రైను వదులుకోవల్నా?” అన్నాడు బ్యాంకాయన.

వదిలేశాను. నా జీవితంలో తక్కువ పడిన లెక్కను వదిలేసింది ఆ ఒక్కసారే.

బుధవారం పొద్దున మండీకి ఎస్టీడీ బూతు నుంచి ఫోనొచ్చింది. కాపలాదారు.

“ఏమప్పా, ఏం దాచినారు మీరు ఈడ?”

“ఏమీ లేదు. డబ్బీ నా దగ్గరే ఉంది. ఎందుకు?”

“నిధి అని రాసినారంట గదా. నేను మా చెల్లెలి ఊరికి పోయొచ్చేలోపల తోట తోటంతా తవ్విపెట్టినారు. నువ్వు రా. ఇప్పుడే రా.”

బ్యాంకాయనను వెంటబెట్టుకుని పోయాను. పెనుకొండలో ఏ రాయి కదిలించినా రాయల కాలం బంగారం ఉంటుందని నమ్మేవాళ్ళు ఉంటారని మాకు తెలియనిది కాదు. నూనె మరకలతో ఉన్న మా కాగితం ఒక గుంత పక్కనే పడి ఉంది. అక్కడ నిలబడినాక నాకు లెక్క అర్థమైంది. మనిషి నడిచే అడుగు రెండున్నర అడుగులు. ఇరవై ఏడు అడుగులు వేస్తే అరవై ఏడున్నర అడుగులు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు కూడా చిరాకేస్తుంది: ఒకే మాట రెండు కొలతలుగా ఉండడం నేను పన్నెండేండ్లు కొలతలు రాస్తూ గమనించలేదు. తవ్వినవాళ్ళు నేను చెప్పిన అడుగులు కొలిచుంటే రాళ్ళకట్టలో తవ్వి గడ్డపార వంకర చేసుకుని పోయేవాళ్ళు. నడిచారు కాబట్టి నేరుగా కొత్త చెట్లలో తేలారు. ఒక్కొక్కరి అడుగు ఒక్కో పొడవు, అందుకని ఒక్కొక్కరు ఒక్కో చోట తవ్వారు. ఏమీ దొరకనందుకు ఇంకా తవ్వారు.

కూలిన చెట్లు లెక్కపెట్టాను. రెండుసార్లు. ఇరవై ఆరు.

ఆఫీసరు జీపు వచ్చింది. ఆయన దిగి చుట్టూ చూసి, “ఎన్ని పోయినాయి?” అన్నాడు. కొన్ని చెట్లు ఆకుపచ్చగానే పడి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే పది పన్నెండే అనిపిస్తాయి. బ్యాంకాయన నా మోచేయి గిల్లాడు. “పన్నెండను” అన్నాడు గొంతులోనే.

“ఇరవై ఆరు సార్” అన్నాను.

“వీళ్ళను లోపలికి ఎవరు వదిలినారు?”

“నేనే సార్” అన్నాడు కాపలాదారు.

“రేపటినుంచి పనికి రావద్దు.”

అప్పుడు నాకు నోరొచ్చింది. ఇరవై ఆరూ మేమే నాటి పెంచుతాం, ఆయన్ను తీయొద్దు సార్ అన్నాను. ఆఫీసరు జీపులోంచి తెల్లకాగితం తెప్పించాడు. “సరే, పనిలో ఉండనీ. కానీ నాటింది లెక్క గాదు, బతికింది లెక్క. ఇరవై ఆరూ నిలబడినాయని నువ్వు సంతకం చేసేదాంక ఈయప్ప ఫైలు తెరిచే ఉంటాది” అన్నాడు. కింద నేను సంతకం చేశాను.

రైల్లో బ్యాంకాయన హిందూపురం దాకా నన్ను తిట్టాడు.

“పన్నెండంటే పన్నెండే నాటేవాళ్ళం. నీ నోట్లో లెక్క ఒక్క నిమిషం నిలబడదా?”

“నువ్వు నిధి అని రాయకుంటే ఎవురూ తవ్వేవాళ్ళే గాదు.”

“నువ్వు అడుగు అని రాయకుంటే చెట్లలో తవ్వేవాళ్ళు గాదు.”

ఇద్దరం చెప్పింది నిజమే. 

ఆ జూలైలో మొదటి ఆదివారం నాటేదానికి పంతొమ్మిది మందీ వచ్చారు. రెండో ఆదివారం పదకొండు మంది. మూడో ఆదివారం నలుగురు. నాలుగోసారి నేనూ టీచరమ్మా. ఆమెకు ధర్మవరం నుంచి రానుపోను కుదరక ఆగిపోయింది. తర్వాత నేనొక్కణ్ణే. డబ్బీల ఆట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మిషన్ను గాలిమరల సైటు వాళ్ళు వాపసు తీసుకున్నారు.

మొదటి ఏడు నాటిన ఇరవై ఆరులో పదకొండు బతికాయి. రెండో ఏడు పదిహేను నాటితే ఐదు. మూడో ఏడు పది నాటితే చెదలు పట్టి రెండే మిగిలాయి, గాలికి పాతది ఒకటి పడిపోయింది. నాలుగో ఏడు తొమ్మిది నాటితే రెండు. వానలు మా మాట వినవు, మేకలు కాగితాలు చదవవు. ఎండాకాలం ఆదివారాలు నేను ఒక బిందె, కాపలాదారు ఒక బిందె మోసేవాళ్ళం. తెలిసినవాళ్ళు స్టేషన్లో ఎదురుపడి “ఏమప్పా, ఇంకా నిధి దొరకలేదా?” అనేవాళ్ళు.

రెండు వేల ఎనిమిదిలో కొత్త ఆఫీసరు వచ్చాడు. రోజుకూలీ మీద ఉన్నవాళ్ళను పర్మనెంటు చేసేదానికి పేర్లు పంపుతున్నారు. కాపలాదారు పేరు పంపాలంటే ఆ ఫైలు మూయాలి. నన్ను పిలిపించారు. ఆఫీసరు మంచి మనిషే. పెన్ను మూత తీసి నాకిచ్చి, “ఇరవై ఆరు నిలబడినాయని రాసి సంతకం పెట్టండి. నేను పోయి లెక్కపెట్టబోను” అన్నాడు.

కాపలాదారు నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

“రాయప్పా. తక్కువైన ఏడు చెట్లు యాడికి పోతాయి, వచ్చే వానకు నాటుకుందాం. నీ చెయ్యేం అరిగిపోదు గదా.”

నేను రాయాలనే కూర్చున్నాను. నిజంగా రాయాలనే. కానీ పెన్ను కాగితానికి ఆనినాక పంతొమ్మిది అని రాశాను.

ఆఫీసరు చదివి, “ఇట్లయితే నేనేం చేసేది?” అని ఫైలు బీరువాలో పెట్టేశాడు. ఆ సంవత్సరం మిగతావాళ్ళ పేర్లు పైకి పోయాయి. ఆయన పేరు పోలేదు.

కాపలాదారు నన్ను బయట చెట్టుకింద ఆపాడు. మెల్లగా అన్నాడు.

“ఆ పొద్దు పన్నెండంటే సరిపోయేది, ఇరవై ఆరంటివి. ఈ పొద్దు ఇరవై ఆరంటే సరిపోయేది, పంతొమ్మిదంటివి. నీ లెక్క ఎప్పుడూ నా నెత్తినే పడతాదేమప్పా?”

 ఒకసారి ఒక మాటను వదులుగా రాసి ఇంత చేశాను, ఇంక ఒక అంకెను కూడా వదులుగా రాయలేనని చెప్పవచ్చు. కానీ చెప్పినా ఆ మాటకు ఆయన పేరు లిస్టులోకి ఎక్కదు.

తర్వాత ఆదివారం పోయేసరికి ఆయన పనిలోనే ఉన్నాడు, అదే రోజుకూలీ మీద. చచ్చిన మొక్కల గుంతలు ఏడూ పూడ్చకుండా అంచులు చెక్కి శుభ్రంగా పెట్టాడు. వానకు కొట్టుకుపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చాడు. పూడిస్తే నడిచేవాళ్ళు పడరు కదా అన్నాను.

“పూడ్చను. నీకు కనబడతాండాల” అన్నాడు.

నిన్న పోయి చూసొచ్చాను. పంతొమ్మిదీ ఉన్నాయి. రెండు కానుగలు నా తలకంటే ఎత్తయ్యాయి. గుంతల్లో మొన్నటి వాన నీళ్ళు ఉన్నాయి. గుంతలు మళ్ళీ లెక్కపెట్టాను, తగ్గుతాయేమోనని కాదు, అలవాటు.

ఏడు.