ఎర్రగుర్తు వేపచెట్టు, రాజయ్య కాక కౌగిలి

1991. అప్పుడు నేను సోలాపూర్‌లో తోటల శాఖలో ట్రీ ఇన్‌స్పెక్టర్‌ని. ఎవరైనా చెట్టు కొట్టేయాలని అర్జీ పెట్టుకుంటే వెళ్లి చూసి, ఉంచాలో తీసేయాలో రాయడం నా పని. పుట్టింది అశోక్ చౌక్‌లో, నేతపనివాళ్ల ఇంట్లో. మగ్గం ఎక్కకుండా సర్కారు కుర్చీ ఎక్కినవాణ్నని కొంచెం పొగరు కూడా ఉండేది. దాచడమెందుకు?

జనానికి చెట్ల మీద మమకారం పెరగాలని మా సాహెబు ఆ ఏడు నీలం నగర్‌లో ఒక పోటీ పెట్టించాడు. చెట్టును కౌగిలించుకోవాలి. చెంప బెరడుకు ఆనాలి, రెండు చేతులూ చుట్టాలి, అందరికన్నా ఎక్కువసేపు వదలనివాళ్లకు స్టీలు బిందె. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. వారానికోసారి సాంచెలకు కరెంటు ఉండదు కాబట్టి ఆ రోజే పెట్టాం. వీధి వీధంతా వచ్చింది.

వరసగా ఐదు వేపచెట్లు. ఐదోదాని మీద ఎర్రగుర్తు ఉంది. అది నేను పెట్టిందే. చెట్టు లోపల బోలైందని, తన రేకుల మీద పడుతుందని పక్క షెడ్డు యజమాని అర్జీ పెట్టాడు. పోటీకి మూడు రోజుల ముందే వచ్చి సౌండింగ్ టెస్ట్ చేశాను. అంటే కొయ్యసుత్తితో మాను మీద కొట్టి చప్పుడు వినడం. గట్టి మాను టక్‌మంటుంది, బోలుది డబ్‌మంటుంది. షెడ్డులో సాంచెలు ఆడుతుండగానే కొట్టాను, డబ్‌మన్నట్టే వినిపించింది. ‘ప్రమాదకరం, తొలగించవచ్చు’ అని రిపోర్టు రాసి పెట్టుకున్నాను. పోటీ మర్నాడు ఇచ్చేయాలి.

ఆ చెట్టు కిందే లచ్చవ్వ, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు రోజూ బీడీలు చుడతారు. పోటీ మొదలయ్యే ముందు ఆమె నా దగ్గరికి వచ్చింది.

“ఏంది సారూ, గీ చెట్టుకు బొట్టు పెట్టిండ్రు?”

“లోపల బోలైంది పెద్దమ్మా. కొట్టేస్తరు.”

“రేకుల ఇంట్ల కూసుంటే ఆకు ఎండి పటపట ఇరుగుతది. గీ నీడకుంటెనే బీడీ ఒంగుతది. ఇగ మేం యాడ కూసోవాలె?” అంది.

చీట్లు తీస్తే నాలుగో చెట్టు లచ్చవ్వకు, ఐదోది ఆమె భర్త రాజయ్య కాకకు వచ్చాయి. రాజయ్య కాక జాబర్, అంటే సాంచెలు బిగించి బాగుచేసే మేస్త్రీ. ఆ మోతలోనే బతికి చెవులు సగం మందగించినవాడు.

పావుగంట కాకముందే లచ్చవ్వ మీద ఫిర్యాదు వచ్చింది. చెట్టును పట్టుకునే ఉంది గానీ ఆమె వేళ్లు బెరడు మీదే ఉత్తుత్తి బీడీలు చుడుతున్నాయట. చూస్తే నిజమే. చేతులు చెట్టును వదల్లేదు, వేళ్లు వాటి పని అవి చేసుకుంటున్నాయి, తప్పు లేదని తీర్పు చెప్పాను. గంటన్నరకు ఆ మొగుడూ పెళ్లాలే మిగిలారు.

“నలభై ఏండ్లల్ల నన్నెన్నడన్న గింతసేపు పట్టుకున్నవా?” అని లచ్చవ్వ పక్క చెట్టు దగ్గర్నుంచి అరిచింది. కాకకు వినిపించనేలేదు. వీధి మొత్తం నవ్వింది.

నేను కూడా నవ్వులాటకు సుత్తి తీసుకుని ఆయన చెట్టు మీద రెండు దెబ్బలు వేశాను. కాక చటుక్కున చెట్టును వదిలేసి నా మణికట్టు పట్టుకున్నాడు.

“మల్ల కొట్టు. గీడ. ఇగ గీడ.”

చూపించిన చోటల్లా కొట్టాను. ఆయన ఛాతీ, అరచేయి మానుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

“గీ పక్క జానెడంత బోలు ఉన్నది. తక్కినదంత ఎక్దం గట్టి. చెట్టంత బోలని ఎవడు చెప్పిండు?”

ఆయన చెవి దగ్గరకు వంగి, “నేనే కాకా” అన్నాను.

“సాంచెలు నడువంగ చూసినవా?”

తల ఊపాను.

“సాంచె నడుస్తుంటె చెవుతోని ఏం ఎరుకైతది బిడ్డా? మేం చెయ్యి ఆనిచ్చి చెప్తం, ఏ బోల్టు వదులైందో. నువ్వు నేతోళ్ల పిలగానివే గద.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మోతలోనే పుట్టి పెరిగి, ఆ మోతలో మాను చప్పుడు విన్నాననుకున్నాను. జీపులోంచి సన్న బర్మా తెప్పించి ఐదు చోట్ల తొలిచాను. కాక చూపించిన చోట నల్లటి పొడి రాలింది. మిగతా నాలుగు చోట్లా తెల్లటి పచ్చి పొట్టు వచ్చింది. ఎర్రగుర్తును అక్కడే గీకేశాను. బిందె లచ్చవ్వ గెలిచింది.

మర్నాడు పాత రిపోర్టు చింపేసి, మొదటి పరీక్షలో పొరపాటు నాదేనని, చెట్టు ఉండాలని కొత్తది రాశాను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా నేతవాడల్లో చెట్లను సాంచెలు ఆగిన రోజే చూశాను, రెండో చేతిని మానుకు ఆనించే కొట్టాను. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పాను.

ఆ కొత్త రిపోర్టులో ‘పరీక్షించినవారు’ అన్న గడిలో నా పేరుకు పైన రాజయ్య కాక పేరు రాశాను. సాహెబు దాని మీద వేలు పెట్టి, “ఎవరీయన? ఏం చదివాడు?” అని అడిగాడు.

“జాబర్, సాహెబ్” అన్నాను. “మావాడు.”

ఆ ఆఫీసులో చేరిన ఎనిమిదేళ్లలో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.