ముగ్గురు మద్దిలేటిలు, ఒకటే సీటు

నిశ్చితార్థానికని బస్సు మాట్లాడుకొని, ఊరంతా నిద్రలేచేలా హారన్ కొట్టించుకుంటూ బయలుదేరి, తీరా పెళ్ళికొడుకునే వదిలేసిపోయిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే!

అప్పుడు నేను కర్నూలులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ తలకెక్కిన రోజులు. కొన్ని విలువలు తీసుకొని వాటితో అర్రే తయారు చేయడం ఆ వారమే నేర్చుకున్నాను. అర్రే అంటే మరేం లేదు, నంబర్లు వేసిన గళ్ళ వరుస. గడికొక విలువ. అచ్చం బస్సు సీట్ల మాదిరి! ఈ సంగతి తట్టగానే నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

"నాయనా, అన్న నిశ్చితార్థం బస్సులో ఎవరు యాడ కూచోవాలో నా ప్రోగ్రామే చెప్తాది!"

"కూచోడానికి గూడా ప్రోగ్రామెందుకురా? ఖాళీ ఉండే తావున కూచుంటారు గదా" అన్నాడు నాయన. పాతకాలం మనిషి, ఏం చెబుతాం!

అత్తలూ పిన్నమ్మలూ ఫోన్లో చెప్పిన పేర్లు కొన్ని రెండేసిసార్లు వచ్చాయి. వాటిని ఏరిపారేయడానికి పేర్లన్నీ ముందు 'సెట్'లో వేశాను. ఒకే విలువ పదిసార్లిచ్చినా సెట్ ఒక్కసారే ఉంచుకుంటుంది. ఆ సెట్ నుంచి అర్రే చేశాను. ఎంత నాజూగ్గా వచ్చిందో! నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇక్కడ మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. మా తాత పేరు మద్దిలేటి. ఆయన ముగ్గురు కొడుకులూ తమ పెద్దకొడుకులకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. అందుకే లారీ తోలేవాణ్ని లారీ మద్దిలేటి అనీ, పొట్టిగా ఉండేవాణ్ని పొట్టి మద్దిలేటి అనీ పిలుస్తాం. పెళ్ళికొడుకైన మా అన్న ఉత్త మద్దిలేటి. కడపలో పెళ్ళికూతురి వాళ్ళకు కూడా పంపే జాబితాలో లారీలూ పొట్టీలూ ఏం మర్యాదని, సెట్‌లో వేయకముందే ఆ ముందరి మాటలు శుభ్రంగా తుడిచేశాను.

నిశ్చితార్థం రోజు తెల్లవారి బస్సు మా ఊరు డోన్‌లో సిద్ధంగా ఉంది. పెళ్ళికూతురి తాత టైమంటే టైమనే మనిషి. ఆలస్యంగా వచ్చారని అప్పటికే రెండు సంబంధాలు గడపలోంచే తిప్పి పంపాడు. అందుకని మా వాళ్ళందరికీ హడావుడే. అన్న తన బ్యాగు బస్సులో పడేసి, గడ్డం గీయించుకోవడానికి ఎదురుగా ఉన్న సెలూన్‌కు పరిగెత్తాడు. నేను జాబితా పట్టుకొని పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

"మద్దిలేటి!"

"ఉండాప్పా" అన్నాడు పొట్టి మద్దిలేటి. టిక్కు కొట్టేశాను!

లారీ మద్దిలేటి వచ్చాడు. "నా సీటు యాడరా?"

"ఐదో నంబరన్నా."

"ఆడ పొట్టోడు కూచున్నాడు గదరా!"

"ఇద్దరూ సర్దుకోండన్నా, బస్సు కదలాల" అన్నాను. పాపం, ఆ క్షణాన దేవుడు నాకొక అవకాశమిచ్చాడు. నేనే తీసుకోలేదు.

"ఆగప్పా, తలకాయలు ఒకసారి లెక్కబెడ్తా" అన్నాడు నాయన.

"అందరికీ టిక్కు పడింది నాయనా. కంప్యూటరు తప్పు చెప్తాదా? రైట్, రైట్!"

అంతకు ముందు ఎన్నిసార్లు మోగిందో గానీ, బనగానపల్లె దగ్గరపడుతుండగా అన్న బ్యాగులో ఫోన్ మోగడం వినబడింది. తీస్తే కాబోయే వదిన.

"ఏమప్పా, మీ అన్న ఉండాడా?"

"ఉండాడు వదినా, ముందర సీట్లో నిద్రపోతాండాడు." చూడకుండానే చెప్పాను.

"అట్లనా! మరి డోన్ సెలూన్లో నుంచి నాతో మాట్లాడింది ఎవరు?"

లేచి ముందర సీట్లన్నీ చూశాను, అన్న లేడు! మంగలాయన ఒక చెంప గీసేసరికి, బస్సు కదిలిపోవడం అన్నకు అద్దంలో కనబడిందట. ఆయన ఫోన్ అడిగి తీసుకున్నాడుగానీ, మా అన్నకు నోటికొచ్చిన నంబరు లోకంలో ఒక్కటే. వదినది!

"సొంత అన్ననే మింగేసిందేందిరా నీ మిషను!" నాయన చెప్పు వెతుక్కున్నాడు. బస్సంతా ఒకటే గోల. ఆ తాత మమ్మల్నీ గడపలోంచే పంపిస్తే అన్న ముఖం ఎలా చూడాలా అని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

బనగానపల్లెలో బస్సు ఆపుకొని కూచుంటే, ముప్పావుగంటకు మంగలాయన బండి మీద వెనక వేలాడుతూ దుమ్ముకొట్టుకొని దిగాడు పెళ్ళికొడుకు. అక్కడి నుంచి మా డ్రైవరు బస్సును విమానం చేశాడు. కడప చేరేసరికి ముహూర్తానికి ఇంకా అయిదు నిమిషాలున్నాయి!

గుమ్మంలో తాత, చేతిలో నేను పంపిన జాబితా. కంటి ఆపరేషన్ వల్ల ఆయన పెళ్ళిచూపులప్పుడు ఇంట్లో లేడు, అన్నను చూడనే లేదు.

"మద్దిలేటి ఎవరప్పా?"

ముగ్గురూ ఒకేసారి ముందుకొచ్చారు.

తాత జాబితా చూశాడు, ముగ్గురినీ చూశాడు. "ఈడ ఒకడే ఉండాడు, ఆడ ముగ్గురుండారు. నా మనవరాల్ని ఎవరికిస్తాండాం?"

మిద్దె మీద నుంచి వదిన గొంతు వినబడింది.

"ఒక చెంపే గీక్కున్నాడు సూడు తాతా, ఆయప్పకే!"

తాత పడీపడీ నవ్వాడు. నిశ్చితార్థం సగం గడ్డంతోనే శానా బాగా జరిగింది.

ఆ రోజే కడప నడిబజారులో కంప్యూటరు సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక నా జన్మలో మనుషులను ఉత్త పేర్లుగా సెట్‌లో వేయను, ప్రతి మనిషినీ విడి ఆబ్జెక్టుగా చేసి, గడ్డంతో సహా గుర్తు రాసుకొని మరీ అర్రేలో కూచోబెడతాను. ఈ మాట తప్పిన రోజు నాకూ మద్దిలేటి అనే పేరు పెట్టేయండి, నేనూ జాబితాలోంచి మాయమైపోతాను!