తోకక్క పందెం

దీవి చుట్టూ జనాన్ని సైకిళ్ల మీద తిప్పుకొచ్చే బృందంలో అందరికంటే వెనక వచ్చే ఆవిడని తోకక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఆవిడకి తెలియదు. తెలిస్తే మాత్రం వాణ్ణి వదిలిపెట్టదు. ఆవిడ పని చెప్పుకోవడానికి తేలికే. దారి చూపే గైడు ముందు వెళ్తాడు, వచ్చినవాళ్లు మధ్యలో పోతారు, అందరికంటే వెనకబడ్డవాడి వెనక తోకక్క ఉంటుంది, ఆవిడ వెనక సామానునీ, అలిసిపోయినవాళ్లనీ ఎక్కించుకునే వ్యాను వస్తుంది. చివరి మనిషిని దాటి ఆవిడ గజం కూడా ముందుకు పోకూడదు. వాడు ఆగితే ఆగాలి, ఏడిస్తే ఊరుకోబెట్టాలి, ట్యూబులో గాలి పోతే మార్చాలి. ఎత్తు ఎక్కలేక నిలబడిపోతుంటే వాడి నడుం మీద అరచెయ్యి ఆనించి, ఒంటిచేత్తో తన సైకిలు తొక్కుకుంటూ వాణ్ణి కూడా పైకి తొయ్యాలి. వయసులో ఉన్నప్పుడు పందేలు నెగ్గిన కాళ్లు ఆవిడవి. అలాంటి కాళ్లతో నత్తల వెనక తిరగడం ఎందుకని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది ఒక్కటే. ఆ పనంటే ఇష్టం, అంతే.

ఆ ఇష్టం ఆవిడ భర్తకి ఏనాడూ అంతుబట్టలేదు. ఆయనకి బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎదుటివాడి ముక్కు మీద కళ్లజోడు వెంట్రుకవాసి వంగినా వీధి అవతలి నుంచే పట్టేస్తాడు. జేబులో ఎప్పుడూ అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు ఉంటుంది. ఇంత చూపున్న మనిషికి పెళ్లాం పని మాత్రం షికారులా కనిపించింది. వారాల తరబడి గాలికి తిరిగి రావడం కూడా ఉద్యోగమేనా, చక్కగా ఫ్యాను కింద కౌంటరులో కూర్చుంటే దుకాణానికి ఆసరా కదా అని భోజనాల దగ్గర రోజూ అదే పాట. గట్టున కూర్చుని ఈత నేర్పేవాళ్లని చూస్తే ఆవిడకి మొదటి నుంచీ ఒళ్లు మంట. ఒకరోజు కంచం ముందే తెగేసి చెప్పింది, అంత షికారైతే మీరూ రండి అని. ఆయన మూతి తుడుచుకుని వస్తానన్నాడు.

అలా పడింది పందెం. వ్యాను ఎక్కకుండా ఆయన దీవి చుట్టి వస్తే ఆవిడ ఈ పని మానేసి కౌంటరులో కూర్చోవాలి. ఒక్కసారి వ్యాను ఎక్కినా ఆయన ఇక జన్మలో ఆ మాట ఎత్తకూడదు. మొదటి గుట్ట దగ్గరే ఆయన చాప చుట్టేస్తాడని ఆవిడ ధీమా. ఆయన ఇప్పటిదాకా సైకిలు మీద పోయిన అతి దూరం పాల బూత్ దాకానే.

బయల్దేరే చోట ఈ బృందానికి ఒక ఆనవాయితీ ఉంది. రేవులో ఒడ్డున ప్రతివాళ్లూ ఒక గులకరాయి ఏరుకుని వీపు జేబులో వేసుకుంటారు. చుట్టు తిరిగి వచ్చాక దాన్ని అదే నీళ్లలోకి విసరాలి. మధ్యలో వ్యాను ఎక్కినవాళ్లు రాయిని డ్రైవరు చేతిలో పెట్టెయ్యాలి. వ్యాను డ్రైవరు పెద్దాయన, ఆవిడ బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన అద్దం ముందున్న బిస్కెట్ల డబ్బాలో ఎన్నో ఏళ్ల రాళ్లు ఉన్నాయి. భర్త మాత్రం రాయి ఏరడానికే చాలాసేపు తీసుకున్నాడు. నునుపుగా, బరువు లేకుండా ఉండాలట.

సైకిళ్లు కదిలిన కాసేపటికే ఆవిడకి తను చేసిన పొరపాటు అర్థమైంది. అందరికంటే వెనకబడింది ఆయనే. చివరివాడు తోకక్క మనిషి. వాణ్ణి ఎలాగోలా ఒడ్డు చేర్చడమే ఆవిడ ఉద్యోగం. అంటే తన పని తను సరిగ్గా చేస్తే తన పని పోతుంది. తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటే ఇదే కదా అని తలచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

పోనీ ఆయన బుద్ధిగా తొక్కాడా అంటే అదీ లేదు. సీటు మరీ కిందికి ఉంది, ఎత్తు పెంచుకోండి అంటే నా సైకిలు సంగతి నాకు తెలుసు అన్నాడు. పల్లంలో బ్రేకులు పట్టుకుని కూర్చుంటాడు, ఎత్తు మీద బరువు గేరు వేస్తాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. బృందంలో ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. ఆవిడ కళ్లజోడు ఒక పక్కకి జారిందని చూసి, వాలు మధ్యలో సైకిలు ఆపి స్క్రూ బిగించడానికి కూర్చున్నాడు. వెనక తోకక్క ఆగింది, ఆవిడ వెనక వ్యాను ఆగింది, వ్యాను వెనక రెండు లారీలు ఆగి హారన్లు మోగించాయి. ఆయన తలెత్తలేదు. స్క్రూ బిగించి, దూరం నుంచి ఒకసారి చూసి, ఇప్పుడు బాగుంది అన్నాడు.

వీటన్నిటినీ మించినది ఆ రాత్రి బసలో జరిగింది. భోజనాల బల్ల దగ్గర అందరూ వింటుండగా ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"మా ఆవిడ ఏదో పందేలు నెగ్గిందంటారు గానీ, పొద్దుట్నుంచీ నా వెనకే ఉందండీ. ఒక్కసారి కూడా నన్ను దాటలేకపోయింది."

బల్లంతా గొల్లున నవ్వింది. తన చమత్కారానికే నవ్వారనుకుని ఆయన ఇంకో చపాతీ అడిగాడు. తోకక్కకి చిర్రెత్తుకొచ్చింది. చివరివాణ్ణి దాటకూడదన్న సంగతి ఎన్నేళ్లుగానో ఆవిడ ఇంట్లో చెబుతూనే ఉంది. ఈయన చెవిన పడలేదు, అంతే కదా! ఆవిడ లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

తర్వాతి రోజుల్లో వాన పట్టుకుంది. దారి కొండ అంచున మెలికలు తిరిగింది. ఆయన పిక్కలు పట్టేశాయి, తొడలు ఒరుసుకుపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. తోకక్క నూనె రాసింది, ఖర్జూరాలు తినిపించింది, పడుకున్నాక సీటు కూడా మెల్లిగా పైకి లేపింది. కాళ్లు అలవాటు పడ్డాయని ఆయన పొద్దున్నే సంబరపడ్డాడు. ఎత్తు వచ్చినప్పుడల్లా నడుం మీద చెయ్యి వేసి తోసింది. వానకోటు మందాన ఆయనకి అది తెలియలేదు.

"వెనక గాలి బాగా సాయం చేస్తోంది," అన్నాడొకసారి, ఆయాసపడుతూనే.

ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. ఈ మనిషిని తోస్తున్నది తన ఇష్టమైన పని నుంచి తను బయటికి పోవడానికి. అది తెలిసీ చెయ్యి తియ్యలేకపోవడం మీద ఇంకా కోపం.

చివరి రోజు వాన వెలిసినా ఆయన వానకోటు విప్పలేదు. దీపస్తంభం దగ్గర ఎక్కే ఎత్తు దాటితే రేవుదాకా అంతా పల్లమే. మిగతావాళ్లు ఎప్పుడో పైకి చేరారు. ఆయన సైకిలు సగంలో పాములా అటూ ఇటూ పోతోంది. ఆవిడ పక్కకి వచ్చి చెయ్యి ఆనించింది. వ్యాను దగ్గరికి వచ్చింది. బాబాయ్ కిటికీలోంచి తల బయటికి పెట్టి గొంతు తగ్గించి అన్నాడు.

"చెయ్యి తియ్యమ్మాయ్. నువ్వు చెయ్యాల్సింది చేశావు. తలుపు తీసే ఉంచాను."

ఆవిడకి ఆ మాట తీపిగానే తోచింది. తియ్యాలనే అనుకుంది. ఈ దారీ, ఈ వెనకబడ్డ జనమూ, చివరివాడి రాయి నీళ్లలో పడే చప్పుడూ ఇక ఉండవు. చెయ్యి మాత్రం అక్కడే ఉంది. ఇన్నేళ్ల అలవాటు దానిది.

అప్పుడే ఆయన తల పక్కకి తిప్పాడు. దారి పక్క గడ్డి మొత్తం తమ వైపు వంగి ఉంది. గాలి ఎదురుగా వస్తోంది. ఆయన దాన్ని కాసేపు చూశాడు, తర్వాత మెడ తిప్పి నడుం మీదున్న చెయ్యి చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"వాన పట్టుకున్నప్పట్నుంచి."

"తీసెయ్."

తీసేసింది. ఆయన పళ్లు బిగించి పెడలు నొక్కాడు. నాలుగు తొక్కులు పడ్డాయో లేదో సైకిలు నిలబడిపోయి కాలు నేలకి ఆనింది. వ్యాను తలుపు పక్కనే తెరిచి ఉంది. ఆయన తలుపు వంక చూశాడు, జేబులో రాయి తడుముకున్నాడు. 

"చెయ్యి వెయ్యి," అన్నాడు చివరికి.

అప్పటిదాకా పళ్ల బిగువున ఆపుకున్నదంతా ఆవిడకి పొంగుకొచ్చింది. "ఈ చెయ్యి వెయ్యడమేనండీ నా ఉద్యోగం. మీరు మానెయ్యమంటున్నది దీన్నే. వెయ్యమంటారా, మానెయ్యమంటారా?"

ఆయన సైకిలెక్కి వీపు ఆవిడ వైపు పెట్టి కూర్చున్నాడు. ఒళ్లు మండిపోతున్నా ఆవిడ చెయ్యి వేసింది.

రేవులో ఆయన రాయి విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. పందెం మాట ఆయన ఎత్తుతాడేమోనని ఆవిడ చూసింది, ఎత్తలేదు. అయినా మాటంటే మాటే. ముందు వెళ్లే గైడుని పక్కకి పిలిచి ఇదే నా ఆఖరి యాత్ర అని చెప్పేసింది.  ఆ రాత్రి ఇంట్లో ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పడుకున్నారు.

తెల్లారి ఆవిడ జడ వేసుకుని, మంచి చీర కట్టుకుని, ఉరికంబం ఎక్కబోయే మనిషిలా దుకాణానికి వెళ్లింది. అద్దం తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. కౌంటరులో కూర్చోవడానికి మనిషి కావలెను, ఓపిక ఉండాలి అని ఆయన దస్తూరీ. లోపల ఆయన రెండు కాళ్లూ దూరంగా వేసుకుంటూ, బల్ల పట్టుకుని నడుస్తున్నాడు.

"ఇక్కడ నీకేం పని? వచ్చేవారం మళ్లీ జనం వస్తున్నారన్నావుగా," అన్నాడు తలెత్తకుండా.

"పందెం మీరు నెగ్గారు."

"నేనొక్కణ్ణీ తొక్కితే కదా నెగ్గడానికి."

ఆవిడకి సంతోషం వేసింది. వేసిన మరుక్షణమే మళ్లీ మండింది. ఆ ముక్క నిన్న ఒడ్డున అని ఉంటే ఆ గైడు దగ్గర అంత మాట అనేది కాదు కదా! ఇప్పుడు అతనికి ఫోను చేసి బతిమాలుకోవాలి. రాత్రంతా ఏడ్చిన ఏడుపు ఎవరి ఖాతాలో వెయ్యాలి? అవన్నీ అడగడానికి నోరు తెరిచి, తలుపు వైపు చూసి ఆగిపోయింది. ఎదుటివాడి ముక్కు మీద కళ్లజోడు వెంట్రుకవాసి వంగితే పట్టేసే మనిషి, కాగితం మాత్రం అడ్డదిడ్డంగా అంటించాడు. ఆవిడ బయటికి వెళ్లి దాన్ని ఊడబీకి, సరిగ్గా పట్టి, నాలుగు మూలలా అరచేత్తో గట్టిగా నొక్కింది.