ఊరంతా వచ్చినా దొరకని జామీను

మొన్న బుధవారం సాయంత్రం ఐదు గంటలకు జీపు డ్రైవరు సూరిబాబు జైలు నుంచి ఇంటికి వచ్చాడు. అతని జీపులోకి దొంగకలప ఎక్కించాడని పట్టుబడ్డ కూలీ సోంబ్రు రాలేదు. ఇద్దరిదీ ఒకే కేసు. బెయిలు ఒకే రోజు వచ్చింది, షరతు కూడా ఒకటే: ఆస్తి కాగితాలున్న ఇద్దరు జామీను ఉండాలి. కేసుల్లో గిరిజనులకు అన్యాయం వ్యవస్థలోనే ఉందా అన్న వాదన మా ఆఫీసులో పాతదే. చట్టం కులం అడగదని డెస్కులో ఉన్న మిత్రుడు అంటాడు. చూసి వద్దామని శనివారం బయలుదేరాను.

విశాఖలో కిరండూల్ పాసింజరు ఏడుకి కాస్త ముందు కదిలింది. బొర్రా దాటాక స్వెట్టరు వేసుకున్నాను, పదకొండు దాటాక అరకులో దిగాను. వలిసె పూల కోసం వచ్చేవారికి ఆలస్యమైంది, కోతలు అయిపోయాయి. సోంబ్రు ఊరికి స్టాండులో షేరు జీపులుంటాయి, మనిషికి పది రూపాయలు. నేనెక్కిన జీపు నడుపుతున్నది సూరిబాబే. అతని జీపు కేసులో ఉంది, ఇది వాళ్ల అన్నయ్యది. పేపరువాడినని చెప్పగానే మొదలెట్టాడు.

"అన్యాయమేటి సార్? నన్నూ ఇద్దర్నే తెమ్మన్నారు, ఆడ్నీ ఇద్దర్నే తెమ్మన్నారు. మా అన్న, మా బావ వొచ్చి సంతకాలెట్టీసినారు. ఆడికెవులూ లేరు, అంతే."

దారిలో అతని ఇంటి ముందు ఆపాడు. భార్య టిఫిను డబ్బా అందించి, "బేగి వొచ్చీ, సేపల పులుసు సల్లారిపోద్ది" అంది. తలలో పూలున్నాయి. అక్కడే జీపెక్కిన ఒకామె ఆ పూలను, డబ్బాను మార్చి మార్చి చూసింది. ఆమె సోంబ్రు భార్య బుద్రి.

"ఆయన ఇంటికొచ్చిన కాణ్ణించి రోజూ సేపలే దీనికి" అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. "వాసన మా కొండ దాకా వొస్తంది."

"ఏడవకే, నీకూ ఓ ముక్క ఎడతాది లే" అన్నాడు సూరిబాబు.

"నీ ముక్క నాకేటికి? దాని మొగుడు దాని ఇంట్ల ఉన్నాడు. నా మొగుడేడి? ఎవులూ లేరంటన్నావు, మా ఊరంతా రాలేదేటి ఆ రోజు?"

ఊరంతా వచ్చిన మాట నిజం. ఈ కొండల్లో ఒకరి మీద నింద పడితే పూచీ ఊరిదే. అందుకే బుధవారం పనులు మానుకుని, ముసలివాళ్లు కర్రలు పట్టుకుని, అందరూ జామీను ఉండడానికి కోర్టుకు నడిచారు. ధర్నాకు వచ్చారనుకుని బంట్రోతు గేటు బయటికి పంపాడు. లోపలికి పిలిచినా లాభం లేదు. తాతల నుంచి సాగు చేస్తున్న పోడుకు పట్టా లేదు, ఇళ్లకు పన్ను రసీదు లేదు.

సోంబ్రు ఊళ్లో జీపు కాసేపు ఆగుతుంది. ఊరి పెద్ద నాకు అంబలి పోయించి ఒకటే అడిగాడు: "పారిపోయినోణ్ణి పట్టా పట్టుకొస్తదేటి బాబూ? మేమైతే పట్టుకొస్తాం."

మిషన్ బడి మాస్టారుకు సొంత ఇల్లుంది, ఆయన జామీనుకు ఒప్పుకున్నాడు. ఇంకొకరు కావాలి. సూరిబాబు జీపు తిప్పుతుంటే బుద్రి అడ్డంగా నిలబడింది.

"నీకెట్టిన సంతకం నా మొగుడికీ ఎట్టమను మీ అన్నని. ఇద్దరికీ ఒకే మాట అన్నావు గదా."

సూరిబాబు బ్రేకు వేశాడు. "వొదినేటంటాదో. రేపు సాయంత్రం సెప్తాను" అని జీపు నడిపాడు.

తిరిగి వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి వకీలుకు ఫోన్ చేశాను. ఆస్తి చాలితే ఒకే మనిషి ఇద్దరికీ ఉండవచ్చన్నాడు. తర్వాత డెస్కు మిత్రుడికి చేశాను. "అది పేదరికం, జాతి చూసి చేసింది కాదు" అన్నాడు. జడ్జి సోంబ్రును చిన్నచూపు చూశాడని నేనూ అనను. కానీ ప్రభుత్వం పట్టా ఇవ్వలేదు, కోర్టు పట్టా అడిగింది. ఈ రెంటి మధ్య చిక్కుకున్నది ఒక్క మనిషి కాదు, ఒక తెగ ఊరు మొత్తం. నియమం ఎవరినీ ద్వేషించనక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు అమలైతే చాలు. బుద్రి చట్టం గురించి వాదించలేదు. సూరిబాబు ఇంటి పొయ్యి వాసన చూసి తేడా చెప్పింది.

ఆ వైపు వెళ్లేవారికి ఒక సూచన: సోమవారం మొదటి జీపును నమ్ముకోకండి, మధ్యాహ్నానికి చూసుకోండి. ఈసారీ ఊరంతా కోర్టుకు వస్తోంది. ముసలివాళ్లు ఆరింటికి జీపులో, మిగతావారు అంతకు ముందే నడిచి. మాస్టారు నేరుగా కోర్టుకు వస్తాడు. సూరిబాబు వాళ్ల అన్నయ్య వస్తాడో లేదో ఆదివారం సాయంత్రం తెలియాలి.