లారీని చూసిన మేక

నా చిన్నప్పుడు లారీలకు ముక్కులుండేవి. ఇంజను పెట్టె ముందుకు పొడుచుకొచ్చి, ఎదురొచ్చే ఎద్దులబండిని వాసన చూస్తున్నట్టు ఉండేది. ఇప్పటి లారీలకు ముక్కు లేదు, వట్టి మొహమే. పోయిన ఆ ముక్కులన్నీ పాత లారీలను వెతుక్కుంటూ తిరిగే ప్రియులకు వచ్చి చేరినట్టున్నాయి, అదీ బాగా పైకెత్తుకున్నవి.

ఇలా అంటున్నానని అపార్థం చేసుకోకండి. ఆ ప్రియుల గుంపులో నేనూ ఉన్నాను. వాళ్ళిచ్చిన టోపీ కూడా నా దగ్గరుంది, నెత్తిన పెట్టుకుంటే నా కొప్పు మీద మూకుడు బోర్లించినట్టు ఉంటుంది. నెలకోసారి చిల్లకూరు దగ్గర హైవే పక్క హోటల్లో కలుస్తాం. అక్కడ ఒకాయన ముక్కు వంపు చూసి లారీ పుట్టిన ఏడు చెబుతాడు. ఇంకొకాయన ఆ ముక్కు దీనిది కాదు, అతికించిందంటాడు. దోసెలు చల్లారిపోతాయి, వాళ్ళు మాత్రం చల్లారరు. వింటేజి అనే మాటలో ‘వింటే’ ఉంది కానీ ఒకరు చెప్పేది ఒకరు వినగా నేను చూడలేదు. తుప్పు వదిలించేవాళ్ళు తక్కువ, తప్పు పట్టేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ లారీలు బరువు మోసి ఎన్నాళ్ళయిందో వాటికే తెలియదు. అద్దంలా తుడిచి, గుడ్డ కప్పి, పండగలకు గుడ్డ తీసి, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. లారీకి నోరుంటే సిగ్గుతో హారను కొట్టేది.

ఇంత చులకన నాకు పుట్టుకతో రాలేదు. మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మా పెద్దమ్మ వాళ్ళది ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఇల్లు. సెలవులకు నన్ను అక్కడికి పంపేవారు. మా పెదనాన్నకు ఒక ముక్కు లారీ ఉండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న బండి అది. రేవులో దిగిన చేపలను ఐసు వేసి నెల్లూరికి తోలేవాడు. పాలెంలో వలలు లాగేవాళ్ళందరికీ ఆ లారీయే ఆధారం. అది రాని రోజున చేపలు ఎండుచేపలయ్యేవి, మనుషుల మొహాలూ అట్లాగే అయ్యేవి.

ఐసు కరిగిన ఉప్పునీళ్ళు చెక్కల సందుల్లోంచి కారి అడుగు ఇనుము మీద పడేవి. ఆ ఉప్పుకు సముద్రపు గాలి తోడయితే ఇనుము అప్పడంలా విరిగిపోతుంది. అందుకని మా పెద్దమ్మ రోజూ సాయంత్రం ఇసుకలో తవ్విన దొరువు నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చి, చీర ఎగదోపి, లారీ కిందికి దూరేది. అడుగంతా కడిగి, ఆరాక, ఇంజనులోంచి తీసిన పాత నూనె గుడ్డతో పూసేది. పైకి వచ్చేసరికి పొద్దున రాసుకున్న పసుపు నల్లగా అయ్యేది. పెదనాన్న లెక్కలో అది వాకిట్లో కళ్ళాపి చల్లడం లాంటి పని. తన బండి గట్టితనం గురించి ఎవరడిగినా “మిలిటరీ ఇనుము, ఏమనుకున్నావు” అనేవాడు.

ఒక ఏడు ఆయన నడుము పట్టేసింది. స్టీరింగు తిప్పలేకపోయాడు. పాలెంలో మంచి డ్రైవరు ఉన్నాడు, పెట్టుకుందామంది పెద్దమ్మ. ఆయన ఒప్పుకోలేదు. తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడితే తను చచ్చినట్టేనన్నాడు. అట్లని పాత ఇనుముకూ వెయ్యనన్నాడు. బండి గురించి తెలిసినవాళ్ళెవరైనా వస్తే వాళ్ళ చేతిలో పెడతానన్నాడు. పాలెంవాళ్ళు వచ్చి వాకిట్లో కూర్చుని లేచిపోయారు. ఆయన మాట మారలేదు.

తెలిసినవాళ్ళు కావలి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన తెల్ల పంచె, ఇంకొకాయన తెల్ల ప్యాంటు. మిలిటరీ లారీలంటే ప్రాణమట. కొని, రంగు వేయించి, వాళ్ళ తోటలో నిలబెట్టుకుంటారట. పెదనాన్న పొంగిపోయాడు. ఆడపిల్లను అప్పగించేటప్పటిలాగా పళ్ళెంలో తాంబూలం సర్దించాడు. పెద్దమ్మ సర్దింది. వాళ్ళు రాకముందే నన్ను మాత్రం పెరట్లోకి పిలిచి, పండిన అరటిపళ్ళ అత్తం ఒకటి తీసుకుని లారీ కిందికి దూరి, వెనక చక్రాల దగ్గర తాడుతో వేలాడదీసింది.

“మ్మే, నోరు తెరిచినావంటే చూడు” అంది నాతో.

వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, “అయ్యా, మీకని పండ్లు ఆ లారీలోనే పెట్టినాను. బండి చూసేటప్పుడు కనపడతాయి, తీసుకోండి” అని చెప్పింది. ఇద్దరూ నవ్వారు.

ఇక మొదలైంది పరీక్ష. ముక్కు నిమిరారు. దీపాలు తట్టారు. ఇది కెనడా బండి అన్నాడు పంచె ఆయన. కాదు, అమెరికా అన్నాడు ప్యాంటు ఆయన. ముక్కు మీద ఉన్న సొట్ట ఏ యుద్ధంలో పడిందో కూడా తేల్చారు. ఆ సొట్ట కోవూరు దగ్గర తాటిచెట్టుకు గుద్దితే పడిందని నాకు తెలుసు, పెదనాన్నకూ తెలుసు. కానీ ఆయన యుద్ధాన్నే ఒప్పుకున్నాడు. సీటు ఎత్తి చూశారు, పనిముట్ల పెట్టె తెరిచారు. వంగడం మాత్రం చెయ్యలేదు. వంగితే తెలుపు పోతుంది.

అంతలో పక్కింటి అక్క వాళ్ళ మేక వచ్చి వెనక చక్రాల సందున దూరింది. పంచె ఆయన దాని తోక చూసి, “ఎవరన్నా ఆ మేకను తోలండి, రంగు నాకతాంది” అన్నాడు. ఎవరూ కదల్లేదు. అది ఏం తింటున్నదో నాకు కనపడుతూనే ఉంది. అవి నాకు కూడా ఇష్టమైన పళ్ళు. పెద్దమ్మ నోరు తెరవొద్దంది కనుక పెదవులు బిగించుకుని నిలబడ్డాను. ఒక పండు వెంట ఒక పండు పోతుంటే మౌనం ఎంత చేదో ఆ రోజే తెలిసింది.

పెదనాన్న తాంబూలం పళ్ళెం అందుకున్నాడు. పెద్దమ్మ గడపలోనుంచే అడిగింది.

“పండ్లు తిన్నారా అయ్యా?”

“యాడుండాయమ్మా? సీటు కింద కూడా చూసినాం. తమాషాకు అన్నావనుకున్నాం” అన్నాడు ప్యాంటు ఆయన.

“సీటు కింద కాదు నాయనా, లారీ కింద. బండి తెలిసినోళ్ళు అడుగు చూస్తారనుకున్నా. మీరు మొహం చూసి పోయే పెళ్ళివారని తెలీలేదు.”

పెదనాన్నకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళను అనే మాటేనా అని విసుక్కుంటూ, పళ్ళెం అరుగు మీద పెట్టి, చక్రం పట్టుకుని, మూలుగుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కిందికి తొంగి చూశాడు. వేలాడుతున్నది వట్టి కాడ. పక్కన నెమరేస్తున్న మేక. ఆ పైన, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నల్లగా నిగనిగలాడుతున్న ఇనుము. ఎక్కడా ఎర్రటి పొక్కు లేదు. నూనె గుడ్డ ఆడిన వేళ్ళ గీతలు వరుసగా కనపడుతున్నాయి.

ఆయన చాలాసేపు లేవలేదు. నడుము పట్టిందేమోనని అందరం అనుకున్నాం. తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదని భీష్మించుకున్న మనిషికి, రోజూ పడుతూ వచ్చిన చెయ్యి అప్పుడు కనపడిందని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

లేచి, పళ్ళెం తీసి పెద్దమ్మ చేతికిచ్చాడు. “లోపల పెట్టు” అన్నాడు. అంతే.

“మరి మా సంగతేంది?” అన్నాడు పంచె ఆయన.

“పొద్దుననంగా ఈ బండిని చూసింది ఆ మేక ఒకటే” అంది పెద్దమ్మ. “అమ్మేదయితే దానికే అమ్మాల.”

మర్నాడు పాలెం నుంచి డ్రైవరన్న వచ్చాడు. పెదనాన్న పక్క సీట్లో కూర్చుని గేరు గేరుకూ అతన్ని తిడుతూ నెల్లూరు దాకా పోయాడు, అట్లా చాలా ఏళ్ళు తిడుతూనే పోయాడు.

ఆ లారీ ఇప్పుడు నా రేకుల షెడ్డులో ఉంది. వారానికోసారి రొయ్యల చెరువుల దాకా మేత బస్తాలు మోస్తుంది. మా గుంపులో దానికి మర్యాద లేదు, సీటు అసలుది కాదట. చూడటానికి వచ్చే ప్రియులకు నేనూ మజ్జిగ ఇస్తాను, పళ్ళు లారీలోనే ఉన్నాయని చెబుతాను. వాళ్ళు ముక్కుతో సెల్ఫీ దిగి పోతారు. తరవాత నేను పీట వేసుకుని, నా మోకాళ్ళను బతిమాలుకుని, కిందికి వంగి పళ్ళు తీసుకుంటాను. ఈ వయసులో వంగడం సులువు, లేవడానికే ఎవరో ఒకరు కావాలి.

ఇంత వెటకారం చేసే నేను మాత్రం ఏం గొప్ప? నా కారు కింద ఏముందో నాకు తెలియదు. కానీ ఎవరి ఇల్లయినా, ఎవరి పేరయినా మెరుస్తూ కనపడితే ఆగుతాను. మెరుపు గురించి వాళ్ళు చెప్పేది వింటూ, అడుగున పసుపు నల్లబడేలా పనిచేసిన చెయ్యి ఎవరిదా అని వెతుకుతాను. ఎక్కువసార్లు ఆ మనిషి వంటింటి గుమ్మం దగ్గర, చేతులు తుడుచుకుంటూ, మాకు మజ్జిగ తెస్తూ కనపడుతుంది.