సాంచాల మోతలో నా చూపు

మొన్న కోరుట్లలో మా చెల్లెలి మనవరాలి పెళ్లిలో, కొత్త దంపతుల పక్కన నిలబడ్డ నన్ను చూసి ఫోటోలు తీసే అబ్బాయి, “తాతా, గోడ దిక్కు గాదే, నా దిక్కు సూడు” అన్నాడు. “నీ దిక్కే సూస్తున్న కొడుకా, నువ్వు కొట్టు” అన్నాను. పెళ్లికూతురు కిసుక్కున నవ్వింది, నేనూ నవ్వాను. ఒకప్పుడైతే ఆ ఒక్క మాటకే వేదిక దిగిపోయి, అన్నం కూడా తినకుండా సిరిసిల్ల బస్సెక్కేవాణ్ణి.

మన ఈడు వాళ్లకు సిరిసిల్ల మరమగ్గాల మోత గురించి చెప్పనక్కరలేదు. మేం వాటిని సాంచాలనేవాళ్లం. షెడ్డులో అవన్నీ ఆడుతుంటే చెవిలో అరిచినా వినిపించేది కాదు గనుక మా మాటలన్నీ కళ్లతోనే నడిచేవి. నూలు కండెలు చుట్టే, నాకు వరుసకు వదినయ్యే ఆవిడ వైపు చూసి కనుబొమ ఎగరేస్తే కండెలు వచ్చేవి, సాంచాలు బాగుచేసే మిస్త్రీ వైపు చూసి తల ఊపితే ఆయన పానా పట్టుకుని వచ్చేవాడు.

నాకు నలభై దాటాక, జ్వరం తగ్గి లేచిన ఒక ఉదయం చూసుకుంటే ఎడమ కన్ను ముక్కువైపు తిరిగిపోయింది. ఒక్క పోగు రెండుగా కనిపించేది. తెగిన పోగును ముడివేద్దామని పట్టుకుంటే వేళ్లకు గాలి తగిలేది. బట్టలో తప్పులు చూసి మా ఆసామి, అంటే సాంచాలు నడిపించే యజమాని, “పొద్దుగాలనే తాగచ్చినవా?” అన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు గానీ, నేను ఆ చెట్టు దరిదాపులకు కూడా పోలేదు. మెల్లకన్ను అదృష్టమని మా అత్తమ్మ ఓదార్చితే నాకు ఒళ్లు మండింది.

జగిత్యాల కళ్ల డాక్టరు, సరిచేసే ఆపరేషన్ హైదరాబాదులో ఉందని, అప్పటిదాకా ఒక కన్ను మూసుకుంటే పోగులు రెండుగా కనబడవని చెప్పాడు. గంత కడితే నూలు ధూళి చేరి కన్ను మండేది, అందుకని ఉత్తగానే మూసుకుని పనిచేశాను. అలాగే ఒక కన్ను మూసి వదినను కండెలు అడగబోతే, ఆమె పక్కన కొత్తగా చేరిన అమ్మాయి తనకే కన్నుకొట్టాననుకుంది. అదే షెడ్డులో పనిచేసే ఆమె భర్త వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

ఆసామి సాంచాలు ఆపించి, నన్ను కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నాడు. వెళితే నా సాంచాలు ఇంకొకరి చేతికి పోతాయి, నా మీద పడ్డ మాట నిజమై కూర్చుంటుంది. సిగ్గేసినా, పోనని చెప్పాను. ఆ నిశ్శబ్దంలో వదిన లేచి, “ఆయన కన్ను ఆయన మాట ఇంటలేదు. గిప్పటి సంది ఆయన చెయ్యి సూడుండ్రి” అంది.

ఆ రోజు నుంచి తల వంచుకుని చేత్తోనే పిలిచాను. ముక్కు తాకితే ముక్కుపుల్ల వదిన, మీసం దువ్వితే మిస్త్రీ, కాలరు సవరించుకుంటే నన్ను పట్టుకున్నవాడు. అది తన పేరని తెలిసి మొదట నవ్వింది అతనే. ముడి వేయడానికి కన్ను చాలకపోతే వేళ్లకు నేర్పుకున్నాను. ఆపరేషన్ రేపు మాపని వాయిదా పడుతూనే పోయింది, నేను మాత్రం సాంచాలు వదల్లేదు.

మొన్న పెళ్లిలో డీజే మోతకు కుర్రాళ్లంతా ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. పందిరి ఆ కొసన, తల నెరిసిన వదిన నన్ను చూసి తన కంటి పక్కన వేలు పెట్టింది. షెడ్డులో అది నా పేరు. తర్వాత ఐదు వేళ్లూ దగ్గర చేర్చి, తిన్నావా అని అడిగింది. నేను ముక్కు తాకి, ఇంకా లేదని చెయ్యి తిప్పాను. మిస్త్రీ పోయాడు, కాలరువాడు మగ్గాల పనికే మహారాష్ట్రలోని భీవండి వెళ్లిపోయాడు, మా షెడ్డులో ఇప్పుడు ఎరువుల బస్తాలు పెడుతున్నారు. నన్ను ఆ పేరుతో పిలిచేది ఇక ఆమె ఒక్కతే.